ఒక చేత శిస్తు, ఒక చేత తీర్పు

ఉద్యోగ విరమణకు కొన్నేళ్ల ముందు తరగతిలో ఒక పిల్లవాడు "మునసబు అంటే అర్థమేమిటి మాస్టారూ?" అని అడిగాడు. మా మాతామహులు మునసబే అయినా, శిస్తు వసూలు చేసే గ్రామాధికారి అన్నదానికి మించి నాకు తోచలేదు. ఇంటికి వచ్చి నిఘంటువు తిరగేస్తే ఆశ్చర్యం కలిగింది. అది అరబ్బీ 'మున్సిఫ్'. న్యాయం చేయువాడని అర్థం. 'ఇన్సాఫ్'కు తోడబుట్టిన మాట. పన్ను పుచ్చుకొనే వానికి న్యాయమూర్తి పేరు ఎలా అబ్బింది?

దీని వెనుక పెద్ద కథే ఉన్నది. 1802లో మద్రాసు ప్రభుత్వం కారన్‌వాలిస్ బెంగాలులో నెలకొల్పిన పద్ధతిని అనుసరించి జిల్లా కోర్టులను ఏర్పరచింది. కలెక్టరు శిస్తు చూడాలి, న్యాయాధికారి తగవులు చూడాలి. అడిగేవాడే తీర్పరి కారాదన్నది అందలి నీతి.

1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోకు ఇది నచ్చలేదు. అయిదు రూపాయల తగవుకు రైతు పనులు మానుకొని దూరాన ఉన్న కోర్టుకు నడవాలా? ఊరి సంగతి ఊరి పెద్దకు తెలియదా? ఈ వాదమే గెలిచింది. 1816 నాటి రెగ్యులేషన్లతో మేజిస్ట్రేటు అధికారం జిల్లా జడ్జి నుండి కలెక్టరుకు మారింది. ఊళ్లో శిస్తు వసూలు చేసే పెద్దకే పోలీసు బాధ్యతతోపాటు, పది రూపాయలకు మించని దావాలను విచారించే అధికారమూ దక్కింది. ఆ విధంగా అతడు 'మునసబు' అయ్యాడు.

మన్రో వాదంలో సత్యం లేకపోలేదు. మా తాతగారు ధర్మాత్ములనీ, ఎవరి వద్దా పైసా ఆశించలేదనీ ఊరివారు చెప్పుకొనేవారు. కాని అమ్మమ్మ ఒకనాడు అన్న మాట నేటికీ మరపునకు రాదు. "శిస్తు బాకీ ఉన్నవాడు తగవు పట్టుకొని మన అరుగు ఎక్కేవాడు కాదురా." తాతగారు తీర్చిన తగవులు ఊరికి తెలుసు. ఆయన వద్దకు రాకుండా ఆగిపోయిన తగవుల లెక్క ఏ దఫ్తరంలోనూ లేదు. మనిషి ఎంత మంచివాడైనా, రెండు పదవులు ఒక్కచోట చేరితే బలహీనుని నోరు దానంతట అదే మూతపడుతుంది.

న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుండి వేరుచేయాలని మన రాజ్యాంగం 50వ అధికరణం ఆదేశించింది. 1974 ఏప్రిల్ 1 నుండి అమలైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ న్యాయ మేజిస్ట్రేటులను, కార్యనిర్వాహక మేజిస్ట్రేటులను విడదీసింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల పదవులను రద్దుచేసింది. అయినా జిల్లా కలెక్టరు పేరు పక్కన 'జిల్లా మేజిస్ట్రేటు' అన్న బిరుదు నేటికీ నిలిచే ఉన్నది.

ఒకే వ్యక్తి రెండు పదవులు నిర్వహించవచ్చునా అని చర్చ వచ్చినప్పుడల్లా అతని సమర్థతను, నిజాయితీని తూచుతాము. అరుగు ఎక్కలేక వెనుదిరిగిన వానిని కూడా ఒక్కసారి అడగవలె.