హంసలదీవి

హంసలదీవి కృష్ణా జిల్లా, కోడూరు మండలానికి చెందిన గ్రామము. దివిసీమ దక్షిణపు కొసన, కృష్ణానది పాయ ఒకటి బంగాళాఖాతములో కలిసే చోటికి సమీపమున ఉన్నది. ఇచ్చటి వేణుగోపాలస్వామి ఆలయము, సాగరసంగమము, మడ అడవులు ప్రసిద్ధములు.

పేరు వెనుక కథ

పాపుల స్నానములతో మలినమైన గంగ, కాకి రూపములో తీర్థములన్నిటా మునుగుతూ వచ్చి, ఇక్కడి సంగమములో స్నానము చేయగానే హంసగా మారినదని స్థలపురాణము.

చరిత్ర

పులిగడ్డ వద్ద కృష్ణ చీలుటచే ఏర్పడిన దీవియే దివిసీమ. మధ్యయుగములో దీనిని అయ్య వంశీయులు పాలించారు. కాకతీయ గణపతిదేవుడు దివిని జయించి, ఆ వంశపు కన్యలైన నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపసేనాని కాకతీయుల గజసేనాధిపతియై, 13వ శతాబ్దిలో సంస్కృతమున 'నృత్తరత్నావళి' రచించాడు.

వేణుగోపాలస్వామి ఆలయమును దేవతలు ఒక్క రాత్రిలో కట్టారనీ, కోడి కూయుటతో గాలిగోపురము అసంపూర్తిగా నిలిచినదనీ స్థానికులు చెబుతారు. మాఘ పౌర్ణమికి స్వామి కల్యాణము జరుగుతుంది. భక్తులు పాలకాయతిప్ప వద్ద సముద్రస్నానము చేస్తారు.

అభయారణ్యము

ఈ తీరములోని మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యములో భాగము. 1989లో ప్రకటించిన ఈ అభయారణ్యము వైశాల్యము సుమారు 195 చదరపు కిలోమీటర్లు. ఇది నేటి కృష్ణా, బాపట్ల జిల్లాలలో విస్తరించి ఉన్నది. మడ, తిల్ల వంటి చెట్లు ఉప్పునీటి బురదలో పెరుగుతాయి. మడచెట్టు వేళ్ళు గాలి కొరకు బురదపైకి పొడుచుకొని వస్తాయి. అరుదైన బావురుపిల్లి, నీటికుక్కలు ఇక్కడ నివసిస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకతీరమున గ్రుడ్లు పెడతాయి.

1977 ఉప్పెన

1977 నవంబరు 19న వచ్చిన తుఫానులో సముద్రము దివిసీమపై విరుచుకుపడినది. సుమారు 10,000 మంది మరణించారు. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి తీరగ్రామములు తుడిచిపెట్టుకుపోయాయి. తరువాత తీరము వెంబడి తుఫాను రక్షిత భవనములు నిర్మించారు.

మడ అడవి కెరటాల ఉధృతిని తగ్గించి, ఒండ్రును పట్టి ఉంచుతుంది. అయితే రొయ్యల చెరువుల కొరకు, వంటచెరకు కొరకు మడచెట్లను నరికివేయుట, ఎగువ ఆనకట్టల వలన నదిలో వచ్చే ఒండ్రు తగ్గుట ఈ తీరమునకు ముప్పుగా ఉన్నాయి. ఒండ్రుతో ఏర్పడిన దీవి కనుక, అది తగ్గిన చోట సముద్రము నేలను కోసుకుపోతుంది. తీరగ్రామములకు ఈ అడవియే మొదటి రక్షణ.

ప్రయాణ సౌకర్యాలు

విజయవాడ నుండి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు మీదుగా రోడ్డుమార్గమున చేరవచ్చును.