పాత కార్లలో కార్బ్యురేటరు, ఇంధన ఇంజెక్షను

పెట్రోలు ఇంజనుకు గాలిని, ఇంధనాన్ని తగిన పాళ్ళలో కలిపి అందించే సాధనాలు ప్రధానంగా రెండు: కార్బ్యురేటరు, ఇంధన ఇంజెక్షను. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లు కార్బ్యురేటరుతోనే పేరు పొందాయి. ఇటువంటి కార్లను భద్రపరచుకొనేవారు అసలు కార్బ్యురేటరునే ఉంచుకోవాలా, ఇంజెక్షనుకు మార్చుకోవాలా అన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరం వంటి ఉప్పుగాలి ప్రాంతాలలో ఈ నిర్ణయానికి మరికొన్ని అంశాలు తోడవుతాయి.

చరిత్ర

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 1957లో అంబాసిడరును ప్రవేశపెట్టింది. దీని ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఈ కారులో చాలాకాలం వాడిన 1489 ఘ.సెం.మీ. ఇంజనుకు కార్బ్యురేటరే ఉండేది. 1983లో వచ్చిన మారుతి 800 కూడా కార్బ్యురేటరుతోనే మొదలై, తరువాతి కాలంలో ఇంజెక్షనుకు మారింది. ప్రపంచంలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షను వ్యాప్తికి 1967లో బాష్ సంస్థ తెచ్చిన డి-జెట్రానిక్ దారితీసింది. భారతదేశంలో 2000 సంవత్సరం నుండి కాలుష్య ప్రమాణాలు కఠినం కావడంతో కొత్త కార్లలో కార్బ్యురేటరు క్రమంగా కనుమరుగైంది.

పనిచేసే విధానం

కార్బ్యురేటరులో గాలి ఇరుకైన గొట్టం గుండా వేగంగా పోయినపుడు అక్కడ పీడనం తగ్గి, ఫ్లోటు గదిలోని పెట్రోలు జెట్టు ద్వారా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. దీనికి విద్యుత్తు అవసరం లేదు. అయితే జెట్టు పరిమాణం స్థిరమైనది కనుక వాతావరణం, ఇంధనం మారినపుడు మిశ్రమం తనంతట తాను సరికాదు. ఉదాహరణకు 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి శిఖరంపై గాలి సాంద్రత సముద్రతీరం కంటే సుమారు 14 శాతం తక్కువ. తీరంలో సరిచేసిన కార్బ్యురేటరు అంత ఎత్తులో అవసరానికి మించి పెట్రోలు ఇస్తుంది.

ఇంజెక్షను పద్ధతిలో పంపు ఇంధనాన్ని సాధారణంగా 3 బార్ల పీడనంతో ఇంజెక్టరుకు పంపుతుంది. సెన్సర్లు తెలిపిన వివరాలను బట్టి ఎంత ఇంధనం చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు మిశ్రమంలోని హెచ్చుతగ్గులను తెలియజేస్తుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు

ఈ ప్రశ్నకు ఇటీవల ప్రాముఖ్యం పెరగడానికి ప్రధాన కారణం 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇది 2023లో అమ్మకానికి వచ్చి, 2025 నాటికి దేశమంతటా విస్తరించింది. శుద్ధ పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ మిశ్రమానికి సుమారు 13.5 పాళ్ళే చాలు. అందువలన పాత జెట్టుతో నడిచే ఇంజనుకు ఇంధనం చాలక, అది వేడెక్కే అవకాశం ఉంది. కొంచెం పెద్ద జెట్టు అమర్చడం, ఎస్.యు. రకపు కార్బ్యురేటరులో జెట్టును కిందికి దించడం లేదా సూదిని మార్చడం దీనికి పరిష్కారాలు. పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను ఇథనాల్‌ను తట్టుకొనేవాటితో మార్చాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి తీరప్రాంతంలో కారును నెలల తరబడి కదపకుండా ఉంచితే ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పట్టవచ్చు.

తీరప్రాంత పరిస్థితులు

ఉప్పుగాలి వలన ఇంజెక్షను వ్యవస్థలోని వైరు కలపులు, ఎర్తు తీగలు తుప్పుపట్టి, సెన్సర్లు తప్పుడు సమాచారం ఇవ్వవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. అటువంటి సమయాలలో నీరు చేరిన కార్బ్యురేటరును విప్పి, శుభ్రపరచి, ఆరబెట్టి తిరిగి బిగించవచ్చు. కంప్యూటరులోకి నీరు చేరితే సాధారణంగా దానిని మార్చవలసి వస్తుంది. మరోవైపు, వేసవిలో వేడికి కార్బ్యురేటరులోని పెట్రోలు ఆవిరై ఇంజను మొరాయించడం ఇంజెక్షనులో చాలా అరుదు.

మార్పిడికి కావలసినవి

ఇంజెక్షనుకు మారాలంటే అధిక పీడన పంపు, తిరుగు గొట్టం, సెన్సర్లు, కంప్యూటరు అవసరం. డైనమో ఉన్న కారుకు ఆల్టర్నేటరు అమర్చాలి. తుప్పు రేణువులు ఇంజెక్టర్లను మూసివేస్తాయి కనుక ముందుగా ట్యాంకును శుభ్రపరచాలి.

చట్టపరమైన అంశాలు

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను పరిమితులు విధిస్తుంది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించాలంటే అది అసలు రూపంలో ఉండాలి, ఇంజనులో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. కనుక మార్పిడికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం అవసరం.

ఎంపిక

అప్పుడప్పుడు మాత్రమే నడిపే కారుకు, వింటేజ్ నమోదు ఆశించే కారుకు సరిగా బాగుచేసిన కార్బ్యురేటరే అనువైనది. రోజూ దూరప్రయాణం చేసే కారుకు, నమ్మకమైన ఎలక్ట్రికల్ పనివారు అందుబాటులో ఉన్నచోట, ఇంజెక్షను మేలు. ఏది ఎంచుకున్నా ముందుగా వాల్వులు, స్పార్కు ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగు సరిచూడాలి. వాటిలోని లోపాన్ని కార్బ్యురేటరు లోపంగా పొరబడే అవకాశం ఉంది.