గంజాయి కేసుల శిక్ష పడ్డదా? అప్పీలు దారి ఇది

గంజాయి కేసులో పదేండ్ల శిక్ష పడిందంటే తరిగొప్పుల వంటి మండలంలో కూలి చేసుకునే కుటుంబానికి ఇక అంతా అయిపోయినట్టే అనిపిస్తుంది. హైకోర్టు హైదరాబాద్‌లో ఉంది, వకీలు ఫీజుకు పైసల్లేవు. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం ఖాళీ చేశాక ములాఖత్ కూడా దూరాభారమైంది. అయినా అప్పీలు మొదలుపెట్టడానికి పైసలూ, ప్రయాణమూ అక్కర్లేదని మేం ముందుగా చెప్పదలచుకున్నాం.

శిక్ష పడ్డ మనిషికి తీర్పు కాపీని కోర్టు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ప్రత్యేక కోర్టు వేసిన శిక్షపై అప్పీలు హైకోర్టుకు వెళ్తుంది. గడువు 60 రోజులు. కాపీ తీసుకోవడానికి పట్టిన రోజులు అందులో లెక్కకు రావు. గడువు దాటినా తగిన కారణం చూపి మన్నించమని అడగొచ్చు. ఖైదీ తన అప్పీలును జైలు అధికారికి ఇస్తే చాలు, కోర్టుకు పంపాల్సింది ఆయనే. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. జనగామ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి. అప్పీలుకు పోతే శిక్ష పెరుగుతుందని భయపడేవాళ్లున్నారు. దోషి తాను వేసుకున్న అప్పీలులో శిక్ష పెంచడానికి వీల్లేదు.

అప్పీలు వేయగానే శిక్ష ఆగదు, దానికి వేరే పిటిషన్ కావాలి. గంజాయి 20 కిలోలు దాటితే సెక్షన్ 37 వల్ల అది దొరకడం కష్టం, కనీస శిక్షే పదేండ్లు. అందుకే తూకం దగ్గరే అసలు కొట్లాట. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాత కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ లెక్కలోకి రావు.

2009లో హైదరాబాద్‌లో కారులో 80 కిలోలు దొరికిందన్న కేసు చూడండి. 2010లో పదేండ్ల శిక్ష పడింది. హైకోర్టు అప్పీలు తేల్చడానికి 2022 దాకా పట్టింది, అదీ కొట్టేసింది. 2024 మార్చి 1న సుప్రీంకోర్టు నిర్దోషులని తేల్చింది. కారణాలు చిన్నవి కావు: గంజాయితో ఉన్న మిరపకాయలను వేరు చేయకుండానే పోలీసులు తూచారు. సెక్షన్ 52ఏ చెప్పినట్టు మేజిస్ట్రేట్ ముందు శాంపిళ్లు తీయలేదు. మూడు శాంపిళ్లలో ఒకటి నిందితులకిచ్చామన్నారు, ల్యాబుకు మాత్రం మూడూ చేరాయి! అధికారుల ముందు చెప్పించిన ఒప్పుకోలు వాంగ్మూలం కూడా సాక్ష్యం కాదని 2020లోనే అదే కోర్టు చెప్పింది.

కాబట్టి వకీలును కలిసేటప్పుడు తీర్పుతో పాటు పంచనామా, ల్యాబు రిపోర్టు కాపీలు తీసుకుపోండి. వాటిలోని తూకం, సీళ్లు, తేదీలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో దగ్గర కూర్చుని చూడమనండి.