వేలి కీలు తొలగుట (క్రీడా గాయం)

వేలి కీలు తొలగుట అనగా దెబ్బ తగిలినపుడు వేలి ఎముక కణుపు వద్ద తన స్థానము నుండి జరిగిపోవడం. క్రికెట్, వాలీబాల్, బాస్కెట్‌బాల్, కబడ్డీ ఆడేవారిలో ఇది సాధారణము. బొటనవేలు కాక మిగిలిన వేళ్ళకు మూడేసి కీళ్ళు ఉంటాయి. వీటిలో తరచుగా తొలగేది నడిమి కీలు. వేగంగా వచ్చిన బంతి వేలి కొనను వెనుకకు విరిచినపుడు, కీలుకు అరచేతి వైపున ఉండే దళసరి పొర చిరిగి, మధ్య ఎముక చేతి వెనుక వైపుకు ఎక్కి కూర్చుంటుంది.

ఇటువంటి వేలిని మైదానంలోనే ఎవరో ఒకరు లాగి సరిచేయడం పరిపాటి. అందువలననే దీనికి "కోచెస్ ఫింగర్" అనే పేరు కూడా ఉంది. అయితే వేలు తిన్నగా కనబడినంత మాత్రాన గాయము మానినట్లు కాదు.

నిర్ధారణ

వేలి వంకరను బట్టి కీలు తొలగినట్లు తెలిసిపోతుంది. ఎముక విరిగినదీ లేనిదీ తెలియడానికి మాత్రం ఎక్స్-రే తప్పనిసరి. ఇతర వేళ్ళు అడ్డు రాకుండా, గాయపడిన వేలిని సరిగ్గా పక్క నుండి తీయాలి. మధ్య ఎముక మొదట కీలు భాగము సుమారు 40 శాతానికి మించి విరిగితే కీలు నిలవదు, సాధారణంగా శస్త్రచికిత్స అవసరమవుతుంది.

కీలు అరచేతి వైపుకు తొలగడం అరుదు గాని, ప్రమాదకరమైనది అదే. ఇందులో వేలిని చాచే టెండాన్ మధ్య పాయ తెగిపోవచ్చు. దీనిని ఎల్సన్ పరీక్షతో గుర్తిస్తారు. వేలిని బల్ల అంచు మీదుగా నడిమి కీలు వద్ద 90 డిగ్రీలు వంచి, వైద్యుడు అడ్డుపట్టి ఉండగా చాచమంటారు. పాయ తెగితే నడిమి కీలులో బలము ఉండదు, కొన కీలు మాత్రం బిర్రబిగుస్తుంది.

చికిత్స

వేలి మొదట మత్తుసూది ఇచ్చి, వేలిని మెల్లగా లాగుతూ ఎముకను స్థానములోకి నెడతారు. తరువాత రోగి చేతనే వేలిని ముడిపించి, చాపించి చూసి, మరల ఎక్స్-రే తీస్తారు. కీలు నిలకడగా ఉంటే పక్క వేలితో జతచేసి 3 నుండి 6 వారాలు టేపు వేస్తారు. చాచినపుడు జారుతుంటే, వెనుక వైపున బద్ద కట్టి 20-30 డిగ్రీల వంపు దాటి చాచకుండా ఆపుతారు. వేలిని ముడవడానికి అడ్డు ఉండదు. కదలిక లేకుండా ఎక్కువ కాలము కట్టి ఉంచితే నడిమి కీలు బిగుసుకుపోతుంది.

మధ్య పాయ తెగినపుడు పద్ధతి ఇందుకు భిన్నము. నడిమి కీలును సుమారు 6 వారాలు నిటారుగానే ఉంచి, కొన కీలును మాత్రం ఆడిస్తూ ఉండాలి. లేనిచో నడిమి కీలు వంగిపోయి, వేలి కొన వెనుకకు విరుచుకుంటుంది. కాజాలో నుండి గుండీ దూరినట్లు కీలు టెండాన్ పాయల నడుమ నుండి పైకి వస్తుంది కనుక ఈ వైకల్యాన్ని బూటనియర్ అంటారు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు కాజా అని అర్థం.

చర్మము చిరిగితే గాయాన్ని ఆసుపత్రిలో శుభ్రపరచిన తరువాతనే కీలును సరిచేయాలి. వేలి మొదటి కీలు తొలగి అరచేతి చర్మములో గుంట పడితే, పొర కీలులో ఇరుక్కున్నదని గుర్తు. అటువంటి వేలిని లాగరాదు. సక్రమంగా చికిత్స జరిగినా వాపు నెలల తరబడి ఉండవచ్చు, కణుపు కొంత లావుగా మిగిలిపోవచ్చు.