దర్బారు నుంచి బృంద చర్చ దాకా: ఉత్తర తెలంగాణలో ప్రజారోగ్యం, ప్రజల మాట

ఒక ప్రాంతానికి ఏ వైద్య సదుపాయాలు కావాలో నిర్ణయించడానికి పాలకులు చాలాకాలం గణాంకాలనే నమ్ముకున్నారు. జనన మరణాలు, జ్వరాల సంఖ్య, ఆసుపత్రి పడకల సంఖ్య వంటి ఆ లెక్కలకు తోడుగా స్థానికులనే అడిగి తెలుసుకునే పద్ధతుల్లో ఫోకస్ గ్రూప్ చర్చ, అంటే బృంద చర్చ, ముఖ్యమైనది. దాదాపు ఒకే రకమైన బతుకు గల ఆరుగురి నుంచి పన్నెండు మందిని ఒకచోట చేర్చి, ఒక విషయంపై తమలో తాము మాట్లాడుకోనిచ్చి, వారు ఎక్కడ ఏకీభవించారో, ఎక్కడ విభేదించారో, ఏ మాట దగ్గర ఆగిపోయారో నమోదు చేయడమే ఈ పద్ధతి. దీని శాస్త్రీయ రూపం అమెరికాలో పుట్టినా, జనాన్ని కూర్చోబెట్టి గోడు వినడానికి ఆదిలాబాద్ అడవుల్లో వేరే చరిత్ర ఉంది.

ఆ చరిత్ర నెత్తుటితో మొదలైంది. రిజర్వు అడవుల హద్దులు పెరిగి, పోడు భూములు పోయి, జంగ్లాత్ (అటవీ శాఖ) సిబ్బంది వసూళ్లు భరించరానివైనప్పుడు గోండు గిరిజనులు తిరగబడ్డారు. 1940లో జోడేఘాట్ వద్ద ఆ తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నిజాం బలగాల చేతిలో మరణించాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం గిరిజనుల అశాంతికి కారణాలు తెలుసుకునే పనిని ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య బెట్టీతో కలిసి ఆ అడవుల్లోని మార్లవాయి గ్రామంలో మకాం పెట్టి, గోండులతో గోండీలోనే మాట్లాడి, వారి కష్టాలను నివేదికలుగా రాశాడు. 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం అదే గ్రామంలో వెలసింది. పుష్య అమావాస్యకు గోండుల్లోని మెస్రం వంశీయులు కేస్లాపూర్‌లో జరిపే నాగోబా జాతరలో, అధికారులే వచ్చి గిరిజనుల అర్జీలు వినే దర్బారు ఆనవాయితీ కూడా 1940ల దశకంలో ఆయన చొరవతోనే ఏర్పడింది.

1946లో మూడు పరిణామాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే జరిగాయి. హైదరాబాద్ రాజ్యంలో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక పాలన కల్పించే 1356 ఫసలీ చట్టం వచ్చింది; బ్రిటిష్ ఇండియాలో ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ ప్రతి గ్రామంలో ఐదుగురి నుంచి ఏడుగురితో ఆరోగ్య సంఘం ఉండాలని సిఫారసు చేసింది; అమెరికాలో రాబర్ట్ మెర్టన్, పాట్రిషియా కెండల్ అనే సామాజిక శాస్త్రవేత్తలు, తర్వాత ఫోకస్ గ్రూప్‌కు పునాదిగా నిలిచిన కేంద్రీకృత ఇంటర్వ్యూ పద్ధతిని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. ప్రజల మాటకు పాలనలోనూ వైద్యంలోనూ పరిశోధనలోనూ చోటుండాలన్న ఆలోచన ఆ కాలపు అవసరమని ఇవి చెబుతున్నాయి.

అయితే దర్బారు వేరు, బృంద చర్చ వేరు. దర్బారులో ఒక్కొక్కరు తమ అర్జీతో అధికారి ముందు నిలబడతారు; మాట్లాడేవారు ఎక్కువగా మగవారు, పెద్దలు. బృంద చర్చలో అధికారి ఉండడు, అడిగేది వరం కాదు. ఒకరి మాట మరొకరి జ్ఞాపకాన్ని కదిలిస్తుంది. వినే వేదిక ఉన్నంత మాత్రాన వినికిడి జరిగినట్టు కాదని 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తేలిపోయింది. కేస్లాపూర్ ఉన్న ఆ ప్రాంతంలోనే, భూమి హక్కు కోసం గుమిగూడిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు.

ఆరోగ్య విషయంలో ఈ వినికిడి ఎందుకు అవసరమో వానాకాలపు గూడెం చెబుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎంత దూరమని సర్వేలో అడిగితే కిలోమీటర్లలో జవాబు వస్తుంది. కొలాం గిరిజనుల గూడెంలో ఆడవాళ్లను కలిపి అడిగితే, వాగు పొంగిన రోజుల్లో ఆ దూరానికి అర్థమే లేదని, మలేరియా జ్వరం సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుందని, గర్భిణిని కాన్పుకు వారాల ముందే వాగు దాటించాలని బయటపడుతుంది. ఆ చర్చ కొలామీలోనో గోండీలోనో జరగాలి గాని, దుబాసీ నోట సగం మాట జారిపోకూడదు.

కరీంనగర్ వైపు బీడీ కార్మికుల సంగతీ అంతే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో వేలాది మంది మహిళలు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి దారం కడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. చేతులు ఆగితే కూలి ఆగుతుంది కాబట్టి పగటిపూట సమావేశానికి రమ్మంటే వారు రాలేరు. వారు గుంపుగా కూర్చుని చుట్టే అరుగు దగ్గరికే చర్చ వెళ్తేనే తంబాకు దుమ్ముతో వచ్చే దగ్గు, ఆయాసం, వంగి కూర్చున్నందుకు వచ్చే నడుము, మెడ నొప్పులు మాటల్లోకి వస్తాయి. ఇవి కూలి రేటుతో, రోజూ చేయాల్సిన బీడీల సంఖ్యతో ముడిపడిన బాధలని, మందుబిళ్లతో మాత్రమే తీరేవి కావని ఆ చర్చలోనే తెలుస్తుంది.

ఇలాంటి మాటలు వినడానికి వేదికలు కూడా వచ్చాయి: 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకు అధికారమిచ్చింది; 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీలను ఏర్పరచి, వాటికి ఏటా 10,000 రూపాయల నిర్బంధం లేని నిధి, అంటే గ్రామం తన అవసరం మేరకు ఖర్చు చేసుకోగల సొమ్ము, ఇచ్చింది. భోర్ కమిటీ సూచన ఆరు దశాబ్దాలకు ఆచరణలోకి వచ్చిందన్నమాట. ఈ కమిటీలు సంతకాల పుస్తకాలుగా మిగలకుండా ఉండాలంటే ఎవరు కూర్చున్నారు, ఏ భాషలో మాట్లాడారు, విన్నదానికి జవాబు ఎప్పుడు చెప్పారు అన్న మూడు ప్రశ్నలను ప్రతి చర్చకూ వేయాలి. మార్లవాయి మొదటి రెండింటికీ దారి చూపింది. మూడోదాన్ని విస్మరిస్తే ఎంత నష్టమో ఇంద్రవెల్లి చూపింది. ప్రజలు చెప్పిన అవసరం ఏమైందో అదే గూడేనికి, అదే అరుగుకు తిరిగివచ్చి చెప్పే బాధ్యతను నిబంధనగా రాసుకున్న నాడే ఉత్తర తెలంగాణలో ఆరోగ్య ప్రణాళిక ప్రజల ప్రణాళిక అవుతుంది.