భూమి వాతావరణం

భూమిని ఆవరించి ఉన్న వాయువుల పొరను వాతావరణం అంటారు. భూమ్యాకర్షణ శక్తి వలన ఈ వాయువులు అంతరిక్షంలోకి చెదరిపోకుండా భూమిని అంటిపెట్టుకొని ఉన్నాయి. ప్రాణులకు శ్వాసవాయువును అందించడం, సూర్యుని నుండి వచ్చే హానికర కిరణాలను అడ్డగించడం, భూమి ఉష్ణోగ్రతను జీవానికి అనుకూలమైన స్థాయిలో ఉంచడం వాతావరణం చేసే ముఖ్యమైన పనులు. ఎత్తును బట్టి వాతావరణాన్ని పొరలుగా విభజించారు. ఈ పొరలను గురించిన విజ్ఞానం కొంతవరకు బెలూన్ల ద్వారా లభించింది. అటువంటి బెలూన్లను హైదరాబాదు నుండి దశాబ్దాలుగా ఎగురవేస్తున్నారు. వాటిలో కొన్ని తెలంగాణ, కర్ణాటక సరిహద్దు జిల్లాలలో దిగుతుంటాయి.

వాయువుల మిశ్రమం

పొడి గాలిలో వాయువుల పరిమాణం ఈ విధంగా ఉంటుంది:
* నత్రజని - 78.08 శాతం
* ఆక్సిజన్ (ప్రాణవాయువు) - 20.95 శాతం
* ఆర్గాన్ - 0.93 శాతం
* కార్బన్ డయాక్సైడ్ (బొగ్గుపులుసు వాయువు) - సుమారు 0.04 శాతం
* నియాన్, హీలియం, మీథేన్ మొదలైనవి - స్వల్పంగా

ఇవి గాక గాలిలో నీటి ఆవిరి, ధూళి కణాలు కూడా ఉంటాయి. నీటి ఆవిరి ప్రదేశాన్ని, కాలాన్ని బట్టి దాదాపు సున్నా నుండి 4 శాతం వరకు మారుతుంది.

వాతావరణ పీడనం

గాలికి బరువు ఉంది. సముద్రమట్టం వద్ద ఒక చదరపు మీటరు నేలపై ఉన్న గాలి బరువు సుమారు 10 టన్నులు. దీనివలన కలిగే పీడనం సగటున 1013 మిల్లీబార్లు. ఈ పీడనాన్ని కొలిచే పాదరస భారమితిని 1643లో ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి రూపొందించాడు. పైకి పోయే కొద్దీ పైనున్న గాలి తగ్గుతుంది కనుక పీడనం కూడా తగ్గుతుంది. వాతావరణంలోని గాలిలో సగం మొదటి ఐదున్నర కిలోమీటర్లలోనే ఉంది. దాదాపు 99 శాతం 30 కిలోమీటర్ల లోపు ఉంది. హైదరాబాదు నుండి జహీరాబాదుకు గల దూరంతో పోల్చితే ఈ మందం మూడవ వంతు కూడా కాదు.

కర్ణాటక సరిహద్దున ఉన్న చిరాగ్‌పల్లి, దానికి సమీపంలోని జహీరాబాదు దక్కను పీఠభూమిపై ఉన్నాయి. జహీరాబాదు సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తులో పీడనం సుమారు 940 మిల్లీబార్లు ఉంటుంది. అందువలన ఇక్కడ నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద గాక, సుమారు 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది.

వాతావరణ పొరలు

ట్రోపో ఆవరణం: ఇది నేలను ఆనుకొని ఉన్న పొర. ధ్రువాల వద్ద సుమారు 8 కిలోమీటర్లు, ఉష్ణమండలంలో 16 నుండి 18 కిలోమీటర్ల ఎత్తు వరకు ఉంటుంది. మేఘాలు, వానలు, తుఫానులు దాదాపు అన్నీ ఈ పొరలోనే ఏర్పడతాయి. ఇందులో ఒక కిలోమీటరు పైకి పోతే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఉష్ణమండలంలో ఈ పొర పైభాగం ధ్రువప్రాంతాల కంటె ఎత్తుగా, మరింత చల్లగా ఉంటుందని భారత శాస్త్రవేత్త కె.ఆర్. రామనాథన్ 1929లో వివరించాడు.

స్ట్రాటో ఆవరణం: ఇది సుమారు 50 కిలోమీటర్ల ఎత్తు వరకు వ్యాపించి ఉంటుంది. ఓజోను వాయువు అధికభాగం ఈ పొరలోనే ఉంది. ఓజోను సూర్యుని అతినీలలోహిత కిరణాలను గ్రహించి వేడెక్కుతుంది. అందువలన ఇక్కడ పైకి పోయే కొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఫ్రాన్సు శాస్త్రవేత్త టైసరెంక్ ద బోర్ బెలూన్లతో ఉష్ణోగ్రతలను కొలిచి, ఈ పొర ఉనికిని 1902లో ప్రకటించాడు.

మీసో ఆవరణం: 50 నుండి సుమారు 85 కిలోమీటర్ల వరకు ఉంటుంది. దీని పైభాగంలో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 90 డిగ్రీలకు పడిపోతుంది. అంతరిక్షం నుండి వచ్చే ఉల్కలు ఎక్కువగా ఈ ఎత్తులలోనే మండిపోతాయి.

థర్మో ఆవరణం: దీనిలో గాలి అత్యంత పలుచగా ఉంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఈ పొరలోనే భూమి చుట్టూ తిరుగుతున్నది. దీనికి పైన ఉన్న ఎక్సో ఆవరణం క్రమంగా అంతరిక్షంలో కలిసిపోతుంది.

తెలుగు నేలపై పరిశోధనలు

హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన బెలూన్ కేంద్రం ఉంది. పలుచని ప్లాస్టిక్ పొరతో చేసిన భారీ బెలూన్లలో హైడ్రోజన్ నింపి, పరికరాలను వేలాడదీసి ఇక్కడి నుండి స్ట్రాటో ఆవరణంలోకి పంపుతారు. పైకి పోయే కొద్దీ బయటి పీడనం తగ్గుతుంది కనుక లోపలి వాయువు వ్యాకోచిస్తుంది. 30 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి దాని పరిమాణం దాదాపు 60 రెట్లు అవుతుంది. ఈ కారణంగానే ఎగురవేసేటప్పుడు బెలూన్‌ను కొద్దిగా మాత్రమే నింపుతారు.

2005లో ఇక్కడి నుండి పంపిన బెలూన్ 20 నుండి 41 కిలోమీటర్ల మధ్య గాలి నమూనాలను సేకరించింది. వాటిలో అంతకుముందు తెలియని మూడు బాక్టీరియా జాతులు కనిపించాయని ఇస్రో 2009లో ప్రకటించింది. వాటిలో ఒకదానికి ఆర్యభట్టు పేరు, మరొకదానికి ఇస్రో పేరు వచ్చేలా పేర్లు పెట్టారు. ఇవి అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకోగలవు. అయితే ఇవి భూమి వెలుపలి నుండి వచ్చాయనడానికి ఈ ప్రయోగం నిర్ధారణ కాదని ఇస్రో తెలిపింది.

తిరుపతి సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. ఇక్కడి రాడార్ రేడియో తరంగాలను పైకి పంపి, తిరిగివచ్చే బలహీనమైన ప్రతిధ్వనుల ద్వారా వివిధ ఎత్తులలోని గాలుల వేగాన్ని, దిశను కొలుస్తుంది.

బెలూన్ పరికరాలు నేలపై దిగినప్పుడు

గాలి అన్ని ఎత్తులలో ఒకే దిశలో వీయదు. అందువలన బెలూన్ పైకి పోయేటప్పుడు ఒక దిశలో, పైన తేలేటప్పుడు మరొక దిశలో కొట్టుకుపోవచ్చు. ప్రయోగం ముగిసిన తరువాత రేడియో సంకేతంతో పరికరాలను విడదీస్తే అవి పారాచూట్ సాయంతో నేలపైకి దిగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మొగిలిగుండ్లలో ఇటువంటి పెద్ద పరికరం దిగినపుడు దానిని చూడడానికి జనం గుమిగూడారు. 2025 జనవరిలో చిరాగ్‌పల్లికి పశ్చిమాన, బీదరు జిల్లా హుమ్నాబాదు తాలూకాలోని జలసంగి గ్రామంలో మరొక బెలూన్ పడింది.

ఇటువంటి పరికరాలు కనిపిస్తే వాటిని తాకరాదు, విప్పరాదు. కొన్నింటిలో అధిక వోల్టేజి విద్యుత్తు ఉండే ప్రమాదం ఉంది. పైగా విప్పితే అందులోని సమాచారం శాశ్వతంగా నష్టపోవచ్చు. పరికరంపై ఉన్న చిరునామాకు గాని, సమీపంలోని పోలీసు స్టేషనుకు గాని తెలియజేయాలి.

హరితగృహ ప్రభావం

సూర్యకాంతితో వేడెక్కిన నేల ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో తిరిగి పైకి పంపుతుంది. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువులు ఈ కిరణాలలో కొంతభాగాన్ని గ్రహించి, తిరిగి నేలవైపు పంపుతాయి. దీనినే హరితగృహ ప్రభావం అంటారు. ఇది లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు బదులు మైనస్ 18 డిగ్రీలు ఉండేది.

జహీరాబాదు పరిసరాలలో శీతాకాలపు రాత్రులు మిక్కిలి చల్లగా ఉండడానికి కారణం కూడా ఇందులో కొంత ఉంది. ఆ కాలంలో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలిలో నీటి ఆవిరి తక్కువగా ఉంటుంది. అందువలన నేల నుండి వేడి త్వరగా పైకి పోతుంది. మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు.

మానవుని ప్రభావం

పారిశ్రామిక విప్లవానికి ముందు పది లక్షల గాలి అణువులలో కార్బన్ డయాక్సైడ్ అణువులు సుమారు 280 ఉండేవి. హవాయి దీవులలోని మౌనా లోవా కేంద్రంలో 1958లో కొలతలు మొదలైనపుడు 315గా ఉన్న ఈ సంఖ్య 2024 నాటికి 420 దాటింది. బొగ్గు, పెట్రోలియం మండించడం, అడవులను నరకడం దీనికి ముఖ్య కారణాలు. దీనివలన భూమి ఉష్ణోగ్రత పెరుగుతున్నది.

అంటార్కిటికాపై ప్రతి వసంతంలో ఓజోను బాగా తగ్గుతున్నదని 1985లో వెల్లడైంది. శీతలీకరణ యంత్రాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఇందుకు ప్రధాన కారణం. వీటిని నియంత్రించేందుకు 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ తరువాత ఈ రసాయనాల వాడకం బాగా తగ్గి, ఓజోను పొర నెమ్మదిగా కోలుకుంటున్నది. వాతావరణానికి కలిగిన హానిని దేశాలు కలిసి పనిచేసి సరిదిద్దగలవనడానికి ఇది ఒక నిదర్శనం.