చివరి వరుస దాకా మాట

తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల ప్రాంతంలో నటుడి మాట చివరి వరుసకు అందాలన్నది పద్యనాటకం పెట్టిన నియమం. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టా కాలువల్లో నీళ్లు పారాక పల్లెల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. తర్వాతి తరాల్లో నాటకాలు ఆడించే తాహతు అక్కడినుంచే వచ్చింది. మైకులు లేని ఆ కాలంలో వినిపించే బాధ్యతంతా నటుడిదే. హల్లును నొక్కి పలికి, అచ్చును రాగంలో సాగదీసేవాడు. తెనాలి రామవిలాస సభతో పేరు పెనవేసుకున్న స్థానం నరసింహారావు బాపట్లలో పుట్టినవారు. ఆయనకు మరో చిక్కు కూడా ఉండేది. సత్యభామ వంటి పాత్రల్లో ఆడగొంతు సుకుమారం చెడకూడదు, దూరాన కూర్చున్నవాడికి అక్షరం జారకూడదు. 1956లో ఆయన పద్మశ్రీ అందుకున్నారు.

అయితే ఘనతంతా నటుడి గొంతుదే అనడం సరికాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యాలు జనానికి కంఠతా వచ్చు. రాబోయే పాదం ముందే తెలిసినవాడికి సగం వినిపించినా పూర్తిగా విన్నట్టే ఉంటుంది. ‘వన్స్ మోర్’ అని కేకలు వేసేవాళ్లలో చాలామందికి ఆ పద్యం కొత్త కాదు.

1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా నాటకం గర్భంలోంచి పుట్టిందే. సురభి వారు ఆడే నాటకమే దానికి ఆధారం. నటులు మారకపోయినా వినిపించే పని మాత్రం గొంతునుంచి యంత్రానికి బదిలీ అయింది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక ఈ మార్పు పల్లెకూ చేరింది. పంచాయతీ రేడియోకు తగిలించిన లౌడ్‌స్పీకరు సాయంత్రం వార్తలను అరుగు మీదికి తెచ్చింది. రేడియో నాటకంలో బొమ్మ ఉండదు కాబట్టి మాట తేలిపోతే కథే పోతుంది. చిలకమర్తి ‘గణపతి’ నాటకంగా ప్రసారమైనప్పుడు ఇళ్లలో పనులు ఆపుకుని విన్నారంటే అందులో ఆ స్పష్టత వంతు కూడా ఉంది. సినిమా సౌండ్‌ట్రాక్‌ను కుదించి వినిపించే ‘సంక్షిప్త శబ్దచిత్రం’ చెవితోనే కథను పట్టుకునే ఈ అలవాటును పెంచింది. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కొండవీటి వెంకటకవి రాసిన డైలాగులు పెళ్లి పందిళ్లలో మైకుసెట్ల మీద మోగాయి. తెర చూడకుండానే సినిమాను అప్పజెప్పే జనం తయారయ్యారు.

అదే 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. అప్పటి టీవీ పెట్టె బరువైనదే గానీ, చాలా సెట్లలో స్పీకరు చూసేవాళ్ల వైపే ఉండేది. 1987లో ‘రామాయణ్’ హిందీలో వచ్చినా ఆ భాష రానివాళ్లూ వదలకుండా చూశారు. కథ తెలుసు కాబట్టి మాట అడ్డు కాలేదు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చి, తర్వాత రోజువారీ సీరియళ్లు పెరిగాక ఆ వెసులుబాటు పోయింది. కథ కొత్తది, మాట వేగం ఎక్కువ, దాని కింద ఆగకుండా మోగే నేపథ్య సంగీతం. దానికి తోడు సెట్టు పలచబడేకొద్దీ స్పీకర్లు అడుక్కీ వెనక్కీ తిరిగాయి. మాట గోడకు తగిలి మనిషిని చేరుతుంది. ఇల్లూ మారింది. పెంకుటింటి మట్టిగోడలు శబ్దాన్ని కొంత పీల్చేవి, డాబా ఇంటి టైల్సూ సిమెంటు గోడలూ దాన్ని తిప్పికొడతాయి.

వయసుతో చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనుల్ని. అచ్చులు బలంగానే అందుతాయి. స, శ, త, ప వంటి హల్లులు చెదిరిపోతాయి. ‘మాట వినబడుతోంది గానీ ఏమంటున్నారో తెలియడంలేదు’ అనే పెద్దవాళ్ల ఫిర్యాదుకు కారణం ఇదే. సౌండు పెంచితే సంగీతమూ పెరుగుతుంది. ఇరుగుపొరుగు విసుక్కోవడం తప్ప మాట తేటపడదు.

కాబట్టి పని చేసే మార్గాలన్నీ మాటను మిగతా శబ్దంనుంచి విడదీసేవే. చాలా టీవీల్లో సౌండు సెట్టింగుల కింద ‘క్లియర్ వాయిస్’, ‘స్పీచ్’, ‘న్యూస్’ వంటి పేర్లతో ఒక మోడ్ ఉంటుంది. అది మాట పలికే స్థాయిని పైకెత్తి బరువైన శబ్దాన్ని తగ్గిస్తుంది. టీవీ కింద, ముఖం మనిషి వైపు ఉండేలా పెట్టిన సౌండ్‌బార్ గోడ ప్రతిధ్వనిని చాలావరకు తప్పిస్తుంది. కిటికీకి మందపాటి తెర, నేల మీద జంపఖానా, ఫ్యాను వేగం ఒక అంకె తగ్గించడం పెద్దగా ఖర్చు లేని పనులే. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాటను నేరుగా చెవికే చేరుస్తుంది, కాకపోతే పక్కవాళ్లతో కబుర్లు తెగిపోతాయి. చెవి మిషన్ పెట్టుకోవడానికి నామోషీ పడేవాళ్లు ఇంకా ఉన్నారు. పరీక్ష చేయించి, ఆ చెవి లోటుకు తగ్గట్టు సరిచేయించుకున్న మిషన్‌కూ ఊరికే శబ్దం పెంచే చవక పరికరానికీ పోలికే లేదు.

తెర మీద అక్షరం మరో దారి. వినికిడి లోపం ఉన్నవారికి టీవీ కార్యక్రమాలు అందుబాటులో ఉండేలా కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ 2019 సెప్టెంబరులో ప్రమాణాలు ప్రకటించింది. సబ్‌టైటిళ్లు, సంజ్ఞాభాష వాటిలో ఉన్నాయి. తెలుగు సీరియల్ కింద తెలుగు అక్షరాలు మాత్రం ఇప్పటికీ అరుదు. చదవడం వచ్చిన పెద్దవాళ్లకు అన్నిటికంటే చవకైన సాయం అదే.